సెమిలిగూడలో పెద్దవాళ్ల గదికి నేల వేడి: నీళ్ల పైపులా, కరెంటు మ్యాటా?

కోరాపుట్ జిల్లా సెమిలిగూడలో ఒక పాత ఇల్లు. సునాబెడ హెచ్‌ఏఎల్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయనది. సొంతూరు సాలూరు వైపు. ఉద్యోగం కోసం ఘాట్ ఎక్కి, ఇక్కడే స్థిరపడ్డారు. మోకాళ్ల నొప్పులతో ఆయనకీ, ఆవిడకీ మేడ మెట్లు కష్టమయ్యాయి. అందుకని ఇంటికి ఉత్తరం వైపు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవుతో కింద ఒక పడకగది కలుపుతున్నారు. ఆ గదికి నేల వేడి పని చూడమని నన్ను పిలిచేసరికి గోడలు లింటెల్ దాకా లేచాయి. కెనడాలో ఉండే కొడుకు ఫోన్‌లో ఒకటే మాట: "మా ఇంట్లో నేల కింద వేడినీళ్ల పైపులే అండీ. అమ్మానాన్నలకీ అదే వేయించండి, ఖర్చు నేను చూసుకుంటాను."

కింది జిల్లాల వాళ్లకి ఒడిశాలో నేల వేడి ఏమిటని అనిపించవచ్చు. సెమిలిగూడ దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి కొండ, 1672 మీటర్లు, ఈ జిల్లాలోదే. డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఇక్కడ పది డిగ్రీల కిందికి దిగిపోవడం మామూలే. ఇళ్లు మాత్రం మైదానంలో కట్టినట్టే కడతాం: తొమ్మిది అంగుళాల గోడ, పల్చటి స్లాబు, ఒంటి అద్దం కిటికీ, నున్నటి టైల్స్.

అయితే నన్ను ఈ పనికి ఒప్పించింది చలి కాదు, ఆ ఇంట్లో కనబడిన కుంపటి. రాత్రిపూట బొగ్గులు రాజేసి, మంచం పక్కన పెట్టుకుని, గాలి రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి పడుకుంటున్నారు. "కుంపటి లేపోతే కాళ్లు కొంకర్లు పోతాయి బాబూ" అన్నారావిడ. కుంపటి బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఏటా చలికాలంలో దేశంలో ఎక్కడో ఒకచోట కుటుంబం మొత్తం ఇలా పోయిందని పేపర్లో చదువుతూనే ఉన్నాం. అది చూశాక నాకు నేల కింద వేడినీళ్ల పైపులా, కరెంటుతో కాగే కేబుల్ మ్యాటా అన్నది రెండో ప్రశ్న అయింది. ఈ గదిలో కుంపటి అవసరమే రాకూడదు, అది మొదటిది.

ముందు గది లెక్క

నేల కింద ఏం వేయాలన్న చర్చ చాలా ఇళ్లలో కేటలాగ్‌తో మొదలవుతుంది. గది ఎంత వేడి పోగొట్టుకుంటుందో ఎవరూ లెక్క వేయరు. ఈ గదికి బయట 7 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు అనుకుని లెక్క వేశాను. తేడా 13 డిగ్రీలు.

తొమ్మిది అంగుళాల ఫ్లైయాష్ ఇటుక గోడలో నుంచి ఒక్కో చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి సుమారు 2 వాట్లు బయటికి పోతాయి. ఉత్త ఆర్‌సీసీ స్లాబుకి ఆ అంకె 3.4 దాకా ఉంటుంది, ఒంటి అద్దానికి 5.7. మూడు బయటి గోడలు కలిపి 38 చదరపు మీటర్లు: 990 వాట్లు. కప్పు 17.8 చదరపు మీటర్లు: 790 వాట్లు. నాలుగడుగుల కిటికీలు రెండు: 220. సందుల్లోంచి గంటకొకసారి గదిలో గాలంతా మారుతుందనుకుంటే మరో 230. మొత్తం 2,230 వాట్లు.

ఇప్పుడు నేల ఎంత ఇవ్వగలదో చూడాలి. నేల ఉపరితలం గది కన్నా ఎన్ని డిగ్రీలు వేడిగా ఉంటే, డిగ్రీకి చదరపు మీటరుకి సుమారు 11 వాట్లు గదిలోకి వస్తాయి. మనుషులు తిరిగే గదుల్లో నేల 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 చెబుతుంది. బాత్రూముల్లో 33 దాకా ఒప్పుకుంటుంది. అంటే 20 డిగ్రీల గదిలో చదరపు మీటరుకి 100 వాట్లకి మించి రావు. మంచం కింది పెట్టె, బీరువా, అటక నిచ్చెన మూల, నేల మీద పరుపులు పరిచే జాగా తీసేస్తే వేడి చేయదగ్గ నేల 11 చదరపు మీటర్లే. వచ్చేది 1,100 వాట్లు, కావలసింది 2,230. పైపుల్లో వేడినీళ్లు తిప్పినా, కేబుల్‌లో కరెంటు పారించినా ఈ గది వెచ్చబడదు. నేల నుంచి ఇంతకన్నా రాబట్టే దారి లేదు, ఎందుకంటే అడ్డం వస్తున్నది వేడి పుట్టించే పద్ధతి కాదు, పాదం ఓర్చుకునే హద్దు.

అందుకని మొదటి డబ్బు నేల మీద కాక కప్పు మీద పెట్టించాను. స్లాబు పైన 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి ఫోమ్), దాని మీద వాటం పోసి కూల్ టైల్స్. 790 వాట్లు 120కి దిగాయి. ఒక్క కప్పుతో అంత తేడా. గోడలు ముందే గనక ఏఏసీ బ్లాకుతో (గాలి బుడగలున్న తేలికైన కాంక్రీటు బ్లాకు) కట్టి ఉంటే పని తేలికయ్యేది. ఇటుక గోడ లేచిపోయింది కాబట్టి, లోపలి వైపు 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ అంటించి జిప్సం బోర్డు కొట్టించాం. గోడల నష్టం 990 నుంచి 355కి వచ్చింది. కిటికీ రెక్కలకి రబ్బరు బీడింగ్ పెట్టేసరికి గాలి నష్టం 160 దగ్గర ఆగింది. గాలి పూర్తిగా బిగించలేదు, మనుషులు పడుకునే గది అది.

కిటికీ అద్దాల 220 అలాగే ఉంది, దాంతో కలిపి మొత్తం ఇప్పుడు 855 వాట్లు. 11 చదరపు మీటర్ల మీద పంచితే 78. నేల 27 డిగ్రీలుంటే చాలు. ఇన్సులేషన్‌కి అయిన ఖర్చు నేల వేడి సామాను ఖర్చుకన్నా ఎక్కువే. పెద్దాయన మొదట గొణిగారు. మే నెలలో కూడా ఇదే కప్పు ఎండని ఆపుతుందని చెప్పాక సరేనన్నారు.

మధ్యాహ్నం ఎండ వేసే ఊరు

నీళ్ల పద్ధతి గురించి నాకు గౌరవమే. 16 మి.మీ. పెక్స్ పైపు (వేడినీళ్లకి తట్టుకునే ప్లాస్టిక్ పైపు), మధ్యలో 150 నుంచి 200 మి.మీ. ఎడం, పైన 50 నుంచి 65 మి.మీ. స్క్రీడ్, అంటే పైపుల్ని కప్పే సిమెంటు పొర. 35, 40 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లతోనే నడుస్తుంది. హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే యంత్రం) పెడితే ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి. కాశ్మీరీ ఇళ్లలో రాతి నేల కింద కట్టెలు పెట్టే హమామ్, కొరియా వాళ్ల ఓండోల్ కూడా ఇదే పని చేస్తాయి: బరువైన నేలని కాచి ఉంచితే, అది రాత్రంతా వేడి వదులుతుంది. నెలల తరబడి పగలూ రాత్రీ చలి ఉండే చోట దానికి సాటి లేదు.

సెమిలిగూడ చలి అలాంటిది కాదు. పొద్దున ఏడింటికి మంచు, ఎదురుగా వచ్చే బండి కనబడదు. తొమ్మిదిన్నరకి ఎండ పడుతుంది. మధ్యాహ్నం స్వెటర్ విప్పేయాల్సిందే. ఈ గదికి వేడి కావలసింది రాత్రి ఏడు నుంచి పది దాకా, మళ్లీ తెల్లవారుజాము నాలుగు నుంచి ఎనిమిది దాకా. ఏడాదికి ఒక మూడు నెలలు.

ఇక్కడ స్క్రీడ్ బరువు ఎదురు తిరుగుతుంది. ఆ 11 చదరపు మీటర్ల మీద 65 మి.మీ. మందం అంటే దాదాపు 1,400 కిలోల కాంక్రీటు. దాన్ని పది డిగ్రీలు పెంచడానికే 3.6 యూనిట్ల వేడి కావాలి. ఆ తరవాతే గదికి అందేది. నాలుగింటికి వెచ్చగా ఉండాలంటే అర్ధరాత్రి నుంచే పంపు తిప్పాలి. ఎనిమిదింటికి ఆపేసినా నేల మధ్యాహ్నం దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చే వేళకి. టైల్ కిందనే జిగురులో కూర్చునే ఎలక్ట్రిక్ మ్యాట్‌కి వేడెక్కాల్సింది టైలు, జిగురు కలిపి 16 మి.మీ. మాత్రమే. పది డిగ్రీలకి 0.9 యూనిట్ సరిపోతుంది, ముప్పావుగంటలో పాదానికి తెలుస్తుంది. నా నిర్ణయం సగానికి పైగా ఇక్కడే అయిపోయింది.

కొడుకు మరో ఆలోచన చెప్పారు: మేడ మీద 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ ఉంది కదా, ఆ నీళ్లనే నేలలో తిప్పితే? మంచి ప్రశ్న, కూర్చుని లెక్క వేశాను. 200 లీటర్లు 60 నుంచి 35 డిగ్రీలకి చల్లారితే 5.8 యూనిట్ల వేడి వస్తుంది. కాగితం మీద ఒక రోజుకి సరిపోయేదే. కానీ ఆ నీళ్లు నేలలో తిరిగితే పొద్దున స్నానానికి మిగలవు. మబ్బు పట్టిన రోజు రెండూ ఉండవు. పైగా స్నానం నీళ్లనే నేల పైపుల్లోకి పంపకూడదు. బోరు నీళ్ల ఉప్పు పైపుల్లో పేరుకుంటుంది, ఎండాకాలమంతా కదలకుండా గోరువెచ్చగా నిలిచిన నీళ్లలో లెజియొనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. విడిగా మూసిన లూప్, మధ్యలో హీట్ ఎక్స్‌చేంజర్ (నీళ్లు కలవకుండా వేడి మాత్రమే అందించే పరికరం), రెండో పంపు కావాలి. ఒక్క గది కోసం అంత యంత్రాంగం.

ఖర్చు సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. చలి బాగా ఉన్న రోజు కిందికి పోయే వేడి కూడా కలిపి ఏడు యూనిట్లు, సగటున అయిదు. మూడు నెలలకి 450 యూనిట్లు. అప్పటి పై రేటులో యూనిట్ ఆరు రూపాయల చొప్పున 2,700 రూపాయలు. హీట్ పంపుతో అయితే అందులో మూడో వంతే అవుతుంది, అంటే ఏడాదికి 1,800 రూపాయలు మిగులుతాయి. ఆ 1,800 కోసం ముందు పెట్టాల్సిన అదనపు సొమ్ము, మాకు వచ్చిన కొటేషన్ ప్రకారం, రెండు లక్షలు దాటింది. హీట్ పంపు పాడైతే మెకానిక్ విశాఖ నుంచి ఘాట్ ఎక్కి రావాలి. కొడుకు ఊళ్లో లేరు, పెద్దవాళ్లిద్దరే ఉంటారు. నాకు ఆ టెన్షన్ ముఖ్యమనిపించింది.

వేడి, చల్లదనం రెండూ ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ గురించి కూడా చెప్పాను. కరెంటు లెక్కలో అది ఎలక్ట్రిక్ మ్యాట్ కన్నా నయం, దాచకూడదు. ఆవిడకి గొంతు పొడిబారి దగ్గు వస్తుంది, మొహం మీద గాలి కొడితే నిద్ర పట్టదు. అందుకే వద్దన్నారు. ఆ ఇబ్బంది లేనివాళ్లకి నేను ఏసీయే చెబుతాను.

పాదానికి తెలియకపోతే

ఆవిడకి ఇరవై ఏళ్లుగా షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గింది. ఇది కొడుకు చెప్పలేదు, నేలంతా చల్లగా ఉన్నా ఆవిడ చెప్పుల్లేకుండా నిలబడి మాట్లాడుతుంటే నేనే అడిగాను. ఇలాంటివాళ్లకి వేడి నేల అంటే జాగ్రత్త అవసరం. మనకి చురుక్కుమని కాలు తీసేసే వేడి వాళ్లకి తెలియదు. గంటల తరబడి ఒకేచోట పాదం ఆనితే బొబ్బ వచ్చాక గానీ తెలియకపోవచ్చు. అందుకే 29 కాకుండా 27 డిగ్రీల దగ్గరే నేల ఆగాలని పెట్టుకున్నాం. గాలి ఉష్ణోగ్రత ఒక్కటే చూసే థర్మోస్టాట్ ఇక్కడ పనికిరాదు. నేలలో సెన్సర్ ఉండి, ఆ హద్దు దాటకుండా ఆపేది, హద్దుని ఎవరూ పొరపాటున మార్చకుండా లాక్ ఉన్నది తీసుకున్నాం.

ఈ ఒక్క విషయంలో నీళ్ల పద్ధతి నిజంగా మెరుగు. 40 డిగ్రీల నీళ్లు ఏం చేసినా నేలని 40 దాటించలేవు. కేబుల్ అలా కాదు. మీటరుకి ఇన్ని వాట్లని అది ఇస్తూనే ఉంటుంది. పైన మందమైన పరుపు పరిస్తే వేడి బయటికి పోలేక అక్కడే పేరుకుంటుంది. సెన్సర్ మరోచోట ఉంటే దానికి ఈ సంగతి తెలియదు. మన ఇళ్లలో నేల మీద పరుపు వేయడం రోజువారీ పని. మనవలు వస్తే బొంతలు పరవకుండా ఉంటారా? ఆవిడని అడిగి, పరుపులు ఎక్కడ పరుస్తారో చూపించమన్నాను. మంచానికీ గోడకీ మధ్య ఉన్న జాగా చూపించారు. అక్కడ కేబుల్ వేయలేదు. కాళ్లున్న మంచం, కుర్చీ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అడుగు నేలకి ఆనే దివాన్ కాట్, బీరువా మాత్రం గుర్తు పెట్టిన జాగాలోనే.

పని

విశాఖ నుంచి తెప్పించింది మూడు సామాన్లే: 20 మి.మీ. సిమెంటు పూత ఉన్న ఎక్స్‌పీఎస్ బోర్డు, చదరపు మీటరుకి 150 వాట్ల మ్యాట్, వంగే గుణం ఉన్న టైల్ జిగురు. కింద పీసీసీ (కమ్మీలు లేని కాంక్రీటు), తేమ పైకి రాకుండా పాలిథిన్ షీటు, మామూలు స్క్రీడ్ వేశాక బోర్డు అంటించాం. చాలామంది ఈ బోర్డు మానేసి డబ్బు మిగిల్చామనుకుంటారు. అది లేకపోతే కేబుల్ ముందు కింది కాంక్రీటుని కాస్తుంది, మళ్లీ నీళ్ల పద్ధతి బరువే నెత్తికెక్కుతుంది.

మ్యాట్‌ని తిప్పేటప్పుడు వల మాత్రమే కోయాలి, కేబుల్‌కి కత్తెర తగలకూడదు. ఒక వరస మీద ఇంకో వరస పడకూడదు. సెన్సర్‌ని నేరుగా జిగురులో పాతలేదు. చివర మూసిన సన్నటి కాండ్యూట్ పైపులో, రెండు కేబుల్ వరసలకి సరిగ్గా మధ్యలో పెట్టాం, రేపు పాడైతే టైలు పగలగొట్టకుండా లాగి మార్చుకోవడానికి. టైల్స్ మేస్త్రి అలవాటుగా ఇనుప పళ్ల తాపీతో జిగురు పరవబోయాడు. ఆపి, ప్లాస్టిక్ తాపీ చేతికిచ్చాను.

కేబుల్ బాగుందో లేదో కంటికి కనబడదు, మీటర్‌కే తెలుస్తుంది. 1,650 వాట్ల మ్యాట్‌కి 230 వోల్టుల మీద నిరోధం 32 ఓమ్‌లు రావాలి, పది శాతం పైకీ, అయిదు శాతం కిందికీ పర్వాలేదు. పెట్టెలోంచి తీయగానే ఒకసారి, పరిచాక ఒకసారి, టైల్స్ వేశాక ఒకసారి చూశాం. మెగ్గర్‌తో (తీగ తొడుగులోంచి కరెంటు లీకవుతుందేమో చూసే మీటర్) కేబుల్ ఇన్సులేషన్ కూడా మూడుసార్లూ చూశాం. టైల్స్ వేసేటప్పుడు మల్టీమీటర్ తగిలించే ఉంచాను. అంకె కదిలితే ఆ టైలు తడిగా ఉండగానే లేపొచ్చు. జిగురు గట్టిపడ్డాక అయితే గునపం పట్టాలి. వారం పది రోజులు స్విచ్ వేయనివ్వలేదు. ఆవిడకి ఆత్రం ఉన్నా తడి జిగురుని కాస్తే పగుళ్లొస్తాయి.

కరెంటు పని విడిగా చేయించాం. పాత ఇంటి శాంక్షన్ లోడ్ పెంచడం, మ్యాట్ ఒక్కదానికే 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, 16 ఆంప్ ఎంసీబీ, 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్). పాత ఎర్త్ గుంట ఎండిపోయి పేరుకే మిగిలింది. కొత్తది తవ్వించకుండా మ్యాట్ కలపనని చెప్పాను. నేల కింద, రోజూ తడిగుడ్డతో తుడిచే చోట కరెంటు పారుతున్నప్పుడు ఎర్తింగ్, ఆర్‌సీసీబీ విషయంలో రాజీ లేదు. ఇంటి ఇన్వర్టర్‌కి ఈ సర్క్యూట్ కలపలేదు. బ్యాటరీ గంట కూడా నిలవదు. కరెంటు పోయిన రాత్రి గోడల, కప్పు ఇన్సులేషనే కాపాడాలి. నీళ్ల పద్ధతిలోనూ హీట్ పంపుకి కరెంటు కావాలి గనక ఆ రాత్రి రెండూ ఒకటే.

చివర్లో ఒక గండం తప్పింది. వడ్రంగి తలుపు కింది గడియకి నేలలో రంధ్రం వేయడానికి డ్రిల్ తెచ్చాడు. గడప లోపల ఆరంగుళాల దూరంలో కేబుల్ ఉంది. పరిచిన రోజే టేపు పక్కన పెట్టి తీసిన ఫొటోలు చూపించి, గడియని పైకి మార్పించాం. ఆ ఫొటోలు, కేబుల్ దారి గీసిన కాగితం, మూడుసార్ల రీడింగులు లామినేట్ చేయించి మీటర్ బాక్సు తలుపుకి లోపల అంటించాను. రేపు ఏ ప్లంబరో ఏ ఎలక్ట్రీషియనో వస్తే ముందు అది చూడాలి.

మొదటి చలికాలం

జనవరిలో బయట 8 డిగ్రీలున్న తెల్లవారుజామున గదిలో 19 నుంచి 20 మధ్య ఉంది, నేల 26.5. మ్యాట్‌కి విడిగా పెట్టిన మీటర్ మీద రోజు సగటు అయిదు యూనిట్ల దగ్గరే నడిచింది. కుంపటి పెరట్లోకి వెళ్లింది. అయినా ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం గోడకి పెట్టించాను, కరెంటు లేని రాత్రి పాత అలవాటు తిరిగి రావచ్చు కాబట్టి. పెద్దాయన వానాకాలం ముసురులో కూడా అప్పుడప్పుడూ గంటసేపు వేసుకుంటున్నారు, నేల తేమ లాగేస్తుందని. అది నేను అనుకున్న వాడకం కాదు గానీ, అందులో తప్పేమీ లేదు.

ఈ గది చూసి పొట్టంగి వైపు హోమ్‌స్టే కడుతున్న ఒకాయన ఆరు గదులకీ ఇదే మ్యాట్ వేయమని వచ్చారు. ఆయనకి నీళ్ల పద్ధతే చెప్పాను. అతిథులు సాయంత్రం అయిదింటికే గదిలో చేరతారు, పొద్దున పదికి గానీ లేవరు. ఆరు గదులు కలిసి రోజంతా ఏదో ఒక లోడ్ ఉంటుంది. ఒకే హీట్ పంపు నేలకీ, విడి ట్యాంకుతో స్నానాలకీ పనిచేస్తుంది, హీట్ పంపు ధర ఆరు గదుల మీద పంచుకోవచ్చు. గదికి 12 చదరపు మీటర్ల చొప్పున 150 మి.మీ. ఎడంతో 80 మీటర్ల పైపు పడుతుంది. హీట్ పంపు నుంచి నీళ్లు వచ్చి పోయే దారి కలిపినా ఒక్కో లూప్ వంద మీటర్ల లోపే. పునాది ఇంకా మొదలుకాలేదు, కాబట్టి ఏఏసీ బ్లాకు గోడలు, కప్పు మీద ఎక్స్‌పీఎస్ ముందే డ్రాయింగ్‌లో పెట్టాం. స్క్రీడ్ పోసే ముందు పైపుల్లో 6 బార్ ఒత్తిడి పెట్టి ఒక రోజు నిలబెట్టాలి. పోసేటప్పుడు కూడా ఆ ఒత్తిడి దించకూడదు, గేజ్ ముల్లు చూడ్డానికే ఒక మనిషి ఉండాలి. స్క్రీడ్ మూడు వారాలు ఆరాక, మొదట 25 డిగ్రీల నీళ్లతో మూడు రోజులు, ఆ తరవాతే అసలు వేడి.